యోసెమిటీ లోయలో కుటుంబ క్యాంపింగ్

యోసెమిటీ లోయ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, సియెర్రా నెవాడా పర్వతశ్రేణి పడమటి వాలులో ఉన్నది. ఇది యోసెమిటీ జాతీయవనంలో ఒక చిన్న భాగం మాత్రమే. అయినప్పటికీ వనానికి వచ్చే సందర్శకులలో అత్యధికులు ఈ లోయకే చేరుకుంటారు. ఇక్కడ కుటుంబాలు పిల్లలతో సహా గుడారాలలో విడిది చేయడం శతాబ్దానికి పైగా కొనసాగుతున్న ఆనవాయితీ. ఇటువంటి విడిదిని ఇంగ్లీషులో "క్యాంపింగ్" అని వ్యవహరిస్తారు. శుక్రవారం సాయంత్రానికి లోయ చేరి, రెండు రాత్రులు గుడారంలో పడుకొని, శనివారమంతా కాలిబాటలలో తిరిగి, ఆదివారం ఇంటికి మరలడం దీనిలో బాగా ప్రచారంలో ఉన్న పద్ధతి.

తెలుగువారికి కార్తీకమాసపు వనభోజనాలు సుపరిచితమే. అయితే వనభోజనం పొద్దు వాలడంతో ముగుస్తుంది. క్యాంపింగులో రాత్రి కూడా ఆరుబయటే గడపాలి. చలి, చీకటి, వన్యమృగాలు, వంట, నీరు అన్నీ ఆ రాత్రి మూలంగానే లెక్కలోకి వస్తాయి. యోసెమిటీ లోయలో ఈనాడు అమలులో ఉన్న నియమాలలో చాలావరకు గతంలో జరిగిన నష్టాల నుండి పుట్టినవే. పిల్లలు అడవిలో స్వేచ్ఛగా తిరగగలగడం, అదే అడవిలో ఎలుగుబంటి బ్రతకగలగడం, రెండూ ఈ నియమాల మీదనే ఆధారపడి ఉన్నాయి.

భౌగోళికం

లోయ పొడవు సుమారు 11 కి.మీ., వెడల్పు ఎక్కడా 1.6 కి.మీ.కు మించదు. లోయ అడుగుభాగం సముద్రమట్టానికి సుమారు 1,200 మీటర్ల ఎత్తులో ఉన్నది. దీని మధ్యగా మెర్సెడ్ నది ప్రవహిస్తుంది. ఇరువైపులా గ్రానైటు కొండలు గోడల వలె నిటారుగా లేచి ఉంటాయి. వీటిలో ఎల్ కాపిటన్ అనే శిల నేల నుండి 900 మీటర్లకు పైగా ఎత్తుంటుంది. తూర్పు చివర కనిపించే హాఫ్ డోమ్, ఒక గుమ్మటాన్ని నిలువుగా కోసి సగం తీసివేసినట్లు ఉంటుంది. యోసెమిటీ జలపాతం మూడు అంచెలలో కలిపి 739 మీటర్ల ఎత్తు నుండి దూకుతుంది.

ఈ గ్రానైటు కోట్లాది సంవత్సరాల క్రితం భూగర్భంలో శిలాద్రవం చల్లబడడం వల్ల ఏర్పడింది. నది కోసిన లోయను హిమానీనదాలు వెడల్పు చేశాయి. చివరి హిమయుగం ముగిసిన తరువాత ఇక్కడ ఒక సరస్సు ఉండేది. అది క్రమంగా ఒండ్రుతో పూడి, ఇప్పుడు గుడారాలు వేసుకొంటున్న చదునైన నేల ఏర్పడింది. కొండగోడల నుండి రాళ్ళు విరిగిపడడం నేటికీ ఆగలేదు.

జలపాతాలకు నీరు ప్రధానంగా కరిగే మంచు నుండి వస్తుంది. అందువలన మే, జూన్ నెలలలో అవి నిండుగా ఉంటాయి. వేసవి చివరికి యోసెమిటీ జలపాతం దాదాపుగా ఎండిపోతుంది. పిల్లలకు జలపాతాలు చూపించాలనుకొనేవారు ఆగస్టులో వస్తే నిరాశ చెందవలసి రావచ్చు. నదిలో ఆడుకోవడానికి మాత్రం నీటిమట్టం తగ్గిన వేసవి చివరి భాగమే అనుకూలం.

చరిత్ర

ఆదివాసులు

ఈ లోయకు అసలు పేరు అహ్వాహ్ని. ఇక్కడ నివసించిన ప్రజలను అహ్వాహ్నీచీలు అంటారు. నల్ల ఓక్ చెట్ల గింజలు వారి ముఖ్యాహారం. ఈ గింజలలో వగరు అధికం. వాటిని బండరాళ్ళపై గుంటలలో దంచి, పిండిని పదేపదే నీటితో కడిగి వగరు పోగొట్టి, బుట్టలలో నీరు పోసి కాల్చిన రాళ్ళు వేసి జావ కాచేవారు. దంచగా దంచగా బండలపై ఏర్పడిన ఆ గుంటలు ఇప్పటికీ లోయలో కనిపిస్తాయి. తెలుగునాట పాత ఇళ్ళలో నేలలో పాతిన రోలును చూసిన పిల్లలు వీటి ప్రయోజనాన్ని సులువుగా గుర్తుపట్టగలరు.

కాలిఫోర్నియాలో బంగారు గనుల వేట మొదలైన తరువాత, 1851లో మారిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం ఆదివాసులను పట్టుకొనడానికి లోయలో ప్రవేశించింది. గ్రామాలను, నిలవ ఉంచిన ఆహారాన్ని తగులబెట్టింది. ఆ తరువాత కొందరు తిరిగివచ్చి లోయలోనే జీవించారు. జాతీయవనం ఏర్పడిన తరువాత కూడా ఒక చిన్న ఆదివాసి గ్రామం మిగిలింది. దానిలోని చివరి ఇళ్ళను 1969లో తొలగించారు. సెలవులు గడపడానికి గుడారాలు వేసే ఈ నేలపై ఒకప్పుడు సంవత్సరం పొడుగునా జనం కాపురమున్నారన్న సంగతి లోయలోని ప్రదర్శనశాలలో తెలుసుకోవచ్చు.

రక్షణ

1864 జూన్ 30న అధ్యక్షుడు అబ్రహాం లింకన్ సంతకం చేసిన చట్టం ద్వారా యోసెమిటీ లోయను, మారిపోసా సెక్వోయా తోపును ప్రజల విహారం కోసం కాలిఫోర్నియా రాష్ట్రానికి అప్పగించారు. 1890లో చుట్టుపక్కల ప్రాంతం జాతీయవనమయింది. 1906లో లోయ కూడా జాతీయవనంలో కలిసింది. 1984లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది.

1903 మే నెలలో అప్పటి అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్, ప్రకృతి పరిరక్షకుడు జాన్ మ్యూర్‌తో కలిసి ఇక్కడ మూడు రాత్రులు ఆరుబయట గడిపాడు. వాటిలో ఒక రాత్రి వారిపై మంచు కురిసింది. అమెరికా అడవుల పరిరక్షణ చరిత్రలో ఈ విడిదిని ఒక ముఖ్య ఘట్టంగా పేర్కొంటారు.

గుడారాలు, మోటారు కార్లు

తొలి రోజులలో లోయకు రావడం ఖర్చుతో కూడిన పని. గుర్రపు బండ్లలో వచ్చి హోటళ్ళలో దిగేవారు. 1899లో డేవిడ్ కరీ, జెన్నీ కరీ అనే ఉపాధ్యాయ దంపతులు ఏడు గుడారాలతో తక్కువ ధరకు వసతి, భోజనం అందించే విడిదిని ప్రారంభించారు. అదే తరువాత కరీ విలేజ్‌గా పేరు పొందింది. 1907లో లోయలోకి మోటారు కార్లు రాకుండా నిషేధించారు. 1913లో తిరిగి అనుమతించారు. కార్ల రాకతో సామాన్య కుటుంబాలు సొంత గుడారం, వంటపాత్రలు తెచ్చుకొని, స్వయంగా వండుకొంటూ ఉండడం సాధ్యమయింది.

1920లో హెరాల్డ్ బ్రయంట్, లోయి మిల్లర్ అనే శాస్త్రవేత్తలు ఇక్కడ సందర్శకులకు ఉచితంగా ప్రకృతి పాఠాలు చెప్పడం ప్రారంభించారు. చెట్లను, పక్షులను చూపిస్తూ నడిపించే ఈ పద్ధతి క్రమంగా ఇతర జాతీయవనాలకు కూడా వ్యాపించింది.

1997 వరద

1997 జనవరిలో వెచ్చని వర్షానికి కొండలపై మంచు ఒక్కసారిగా కరగడంతో మెర్సెడ్ నదికి పెద్ద వరద వచ్చింది. లోయను రెండు నెలలకు పైగా మూసివేశారు. నది ఒడ్డున ఉన్న అప్పర్ రివర్, లోయర్ రివర్ అనే విడిది స్థలాలను వరద తరువాత తిరిగి తెరవలేదు. అంతకుముందు కంటే తక్కువ స్థలాలు, అంతకంతకూ పెరుగుతున్న సందర్శకులు కారణంగా వేసవి వారాంతంలో ఇక్కడ స్థలం దొరకడం చాలా కష్టమయింది.

విడిది స్థలాలు, రిజర్వేషను

లోయలో కారుతో వచ్చే కుటుంబాలకు అప్పర్ పైన్స్, లోయర్ పైన్స్, నార్త్ పైన్స్ అనే మూడు విడిది ప్రాంగణాలు ఉన్నాయి. వీటిలో అప్పర్ పైన్స్ అన్నిటికంటే పెద్దది. దీనిలో రెండు వందలకు పైగా స్థలాలు ఉన్నాయి. క్యాంప్ 4 అనే మరొక ప్రాంగణం కొండలెక్కేవారికి ప్రసిద్ధి. అమెరికా పర్వతారోహణ చరిత్రలో దీనికి ఉన్న స్థానం వల్ల 2003లో దీనిని చారిత్రక ప్రదేశాల జాతీయ పట్టికలో చేర్చారు.

పైన్స్ ప్రాంగణాలలో ఒక్కొక్క స్థలంలో ఒక బల్ల, నిప్పు వేసుకొనేందుకు ఇనుప చట్రం, ఆహారం దాచేందుకు ఇనుప పెట్టె ఉంటాయి. ఒక స్థలంలో ఆరుగురికి మించి ఉండరాదు. పిల్లలు కూడా ఈ లెక్కలోకే వస్తారు. కనుక రెండు కుటుంబాలు కలిసి వెళ్ళేటప్పుడు రెండు స్థలాలు తీసుకొనవలసి ఉంటుంది. మే 1 నుండి సెప్టెంబరు 15 వరకు ఒకరు లోయలో మొత్తం ఏడు రాత్రులు మాత్రమే విడిది చేయవచ్చు.

స్థలాల రిజర్వేషను సాధారణంగా ఐదు నెలల ముందు, నెల 15వ తేదీ ఉదయం 7 గంటలకు ప్రభుత్వ వెబ్‌సైటులో మొదలవుతుంది. వేసవి వారాంతపు స్థలాలు నిమిషాలలోనే అయిపోతాయి. ముందుగా దక్కనివారు రద్దయిన స్థలాల కోసం తరచుగా చూస్తూ ఉంటారు. వేసవి శని, ఆదివారాలకు బదులు సెప్టెంబరు చివరన గాని, వారం మధ్యలో గాని వెళ్ళేవారికి అవకాశాలు మెరుగు.

సామగ్రి

వేసవి పగళ్ళలో లోయలో ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటుతుంది. తెల్లవారుజామున అది 12, 13 డిగ్రీలకు పడిపోతుంది. మే నెలలో ఇంకా తక్కువ. పగటి ఎండను చూసి వెచ్చని బట్టలు తేకపోవడం కొత్తవారు సాధారణంగా చేసే పొరపాటు.

* గుడారం: మనుషుల సంఖ్య కంటే ఒకరిద్దరికి ఎక్కువ సరిపోయేది ఉండాలి. ఇంటి వద్ద ఒకసారి వేసి చూసుకొంటే మేకులు, కడ్డీలు లోపించినది ముందే తెలుస్తుంది.
* పడక: శరీరంలోని వేడిని గాలి కంటే చల్లని నేల త్వరగా లాగివేస్తుంది. అందువల్ల స్లీపింగ్ బ్యాగు ఎంత మందమైనదైనా, దాని కింద పరుపు గాని, నురుగు చాప గాని తప్పనిసరి.
* బట్టలు: పొరలు పొరలుగా వేసుకొనేవి, ఉన్ని టోపీ, వానకోటు, పడుకొనే ముందు మార్చుకొనేందుకు పొడి మేజోళ్ళు.
* దీపాలు: పిల్లలు ఒక్కొక్కరికి ఒక టార్చిలైటు. తలకు కట్టుకొనేది అయితే చేతులు ఖాళీగా ఉంటాయి.
* ఈల: ప్రతి పిల్లవాని మెడలోను ఒకటి.
* ప్రథమ చికిత్స పెట్టె, పిల్లలు వాడే మందులు, కాగితపు పటం. లోయలో మొబైల్ ఫోను సంకేతాలు అన్నిచోట్లా అందవు.

వంటకు గ్యాసు పొయ్యి వాడతారు. చలిగా ఉన్నదని పొయ్యిని, బొగ్గుల కుంపటిని గుడారం లోపలికి తేవడం ప్రాణాపాయం. వాటి నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు. నిద్రలో ఉన్నవారు మేలుకొనకుండానే మరణించవచ్చు.

చలిమంట వేసుకొనడానికి మే నుండి సెప్టెంబరు వరకు లోయలో సాయంత్రం 5 నుండి రాత్రి 10 గంటల వరకు మాత్రమే అనుమతి ఉన్నది. ఎత్తైన గోడల మధ్య పొగ బయటికి పోలేక నిలిచిపోవడమే ఇందుకు కారణం. లోయలో పుల్లలు ఏరి మంట వేయడం నిషిద్ధం. రాలిన కొమ్మలు కుళ్ళి నేలకు సారాన్నిస్తాయి, పురుగులకు, చిన్న జంతువులకు ఆశ్రయమిస్తాయి. కాబట్టి కట్టెలు కొని వాడాలి.

ఎలుగుబంట్లు, ఆహారం

యోసెమిటీలో ఉన్నది అమెరికా నల్ల ఎలుగుబంటి. పేరుకు నల్లదే అయినా ఇక్కడ చాలావాటి రంగు గోధుమ. కాలిఫోర్నియాలోని గ్రిజ్లీ ఎలుగుబంట్లు 1920లలో అంతరించిపోయాయి. నల్ల ఎలుగుబంటి ప్రధానంగా గడ్డి, పళ్ళు, గింజలు, పురుగులు తింటుంది. యోసెమిటీలో దీని వలన మనిషి మరణించిన సంఘటన లేదు. మనుషుల వలన ఎలుగుబంట్లు మరణించిన సంఘటనలు మాత్రం అనేకం.

ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాలలో లోయలో చెత్త వేసేచోట రాత్రిపూట దీపాలు పెట్టి, ఎలుగుబంట్లు చెత్త తింటుంటే సందర్శకులకు వినోదంగా చూపించేవారు. 1940 ప్రాంతంలో ఈ ప్రదర్శన నిలిపివేశారు. కాని మనుషుల ఆహారం రుచి మరిగిన ఎలుగుబంట్లు విడిది స్థలాలపై, కార్లపై పడడం మొదలుపెట్టాయి. తల్లి నుండి కూనలు ఈ విద్య నేర్చుకొన్నాయి. కారు కిటికీ పైభాగాన్ని పంజాతో పట్టి తలుపును వంచివేయడం వాటికి అలవాటయింది. 1998లో యోసెమిటీలో ఇటువంటి సంఘటనలు 1,500కు పైగా నమోదయ్యాయి. నష్టం ఆరు లక్షల డాలర్లు దాటింది. మనుషులంటే భయం పోయి ప్రమాదకరంగా మారిన ఎలుగుబంట్లను అధికారులు చంపవలసి వచ్చేది.

దీనితో ఇనుప పెట్టెలు, మూత బిగించే చెత్తకుండీలు, రాత్రి గస్తీ, సందర్శకులకు బోధన విస్తృతంగా అమలుచేశారు. తరువాతి సంవత్సరాలలో సంఘటనలు పదోవంతు కంటే తక్కువకు పడిపోయాయి. ఎలుగుబంట్లు మారలేదు, మనుషుల అలవాట్లు మారాయి.

ప్రస్తుత నియమం ప్రకారం విడిది స్థలంలో ఆహారాన్నంతటినీ ఇనుప పెట్టెలో పెట్టి గొళ్ళెం వేయాలి. వండుతున్నప్పుడు, తింటున్నప్పుడు తప్ప అది బయట ఉండరాదు. చీకటి పడిన తరువాత కారులో ఆహారం ఉంచరాదు. ఎలుగుబంటికి ఘ్రాణశక్తి చాలా ఎక్కువ కనుక ఇక్కడ "ఆహారం" అంటే వాసన వచ్చే ప్రతి వస్తువు. టూత్‌పేస్టు, సబ్బు, చంటిపిల్లల తడి రుమాళ్ళు, ఖాళీ డబ్బాలు కూడా దీనిలోకి వస్తాయి. వెనుక సీటు కింద పడిన పిల్లల బిస్కట్టు ముక్కలు మరచిపోరాదు. నియమం తప్పినవారికి 5,000 డాలర్ల వరకు జరిమానా విధించవచ్చు.

ఎలుగుబంటి కనిపిస్తే కనీసం 45 మీటర్ల దూరంలో ఉండాలి. అది విడిది స్థలంలోకి వస్తే పిల్లలను దగ్గరకు తీసుకొని, అందరూ కలిసి నిలబడి గట్టిగా అరవాలి. పరుగెత్తరాదు. దానికి పారిపోయే దారి వదలాలి. ఉడుతలకు, పక్షులకు తిండి పెట్టడం కూడా నిషిద్ధమే. చేతికి దగ్గరగా వచ్చిన ఉడుతలు కరుస్తాయి, వాటి వలన రోగాలు సోకవచ్చు.

పిల్లలతో నడకలు

లోయలో ఉచిత బస్సులు తిరుగుతాయి. కారును విడిది వద్దనే ఉంచి కాలిబాటల మొదలు వరకు వెళ్ళవచ్చు. పిల్లల వయసును బట్టి కింది నడకలు అనువైనవి.

* దిగువ యోసెమిటీ జలపాతం: సుమారు 1.6 కి.మీ. చుట్టుబాట. చదునుగా ఉంటుంది. చంటిపిల్లల బండి నడిపించవచ్చు.
* కుక్స్ మెడో: సుమారు 1.6 కి.మీ. పచ్చికబయలు మధ్య చెక్కబాట. హాఫ్ డోమ్, జలపాతం రెండూ కనిపిస్తాయి. జింకలు మేస్తూ ఉంటాయి.
* మిర్రర్ లేక్: రానుపోను సుమారు 3.2 కి.మీ. వసంతంలో హాఫ్ డోమ్ ప్రతిబింబం నీటిలో కనిపిస్తుంది. వేసవి చివరికి నీరు ఇంకిపోయి ఇసుకమేట మిగులుతుంది. ఒక సరస్సు పూడి పచ్చికబయలుగా మారే క్రమానికి ఇది ప్రత్యక్ష ఉదాహరణ.
* వెర్నల్ జలపాతం వంతెన: పైకి 1.3 కి.మీ. ఎక్కుడు సుమారు 120 మీటర్లు. ఎనిమిది, తొమ్మిదేళ్ళు దాటిన పిల్లలకు సాధ్యమే. వంతెన దాటిన తరువాత మిస్ట్ ట్రెయిల్ అనే రాతిమెట్ల దారి జలపాతపు తుంపరలో తడిసి జారుడుగా ఉంటుంది.

పెద్దల వేగంతో ఎక్కువ దూరం నడవడం కంటే, పిల్లల వేగంతో కొద్ది దూరం నడుస్తూ ఆగి చూడడం ఎక్కువ ప్రయోజనకరం. పైన్ కాయలో గింజలు ఎక్కడ ఉన్నాయో వెదకడం, వడ్రంగిపిట్ట చెట్టుకు చేసిన రంధ్రాలు లెక్కించడం, హిమానీనదం నునుపు చేసిన బండను అరచేతితో తడిమి చూడడం వంటివి వారికి గుర్తుండిపోతాయి. రాళ్ళు, పూలు, కాయలు ఏవీ ఇంటికి తీసుకువెళ్ళరాదు. చూసినదానిని పుస్తకంలో బొమ్మగా గీసుకొనే అలవాటు చేయవచ్చు.

జూనియర్ రేంజరు

అమెరికా జాతీయవనాలలో పిల్లల కోసం జూనియర్ రేంజరు అనే కార్యక్రమం నడుస్తున్నది. యోసెమిటీలో దీనిలో చేరిన పిల్లలు ఒక పుస్తకంలోని అభ్యాసాలు పూర్తిచేయాలి. రేంజరు నిర్వహించే నడకలో గాని, ప్రసంగంలో గాని పాల్గొనాలి. కొంత చెత్త ఏరి తేవాలి. తరువాత రేంజరు వారి జవాబులు చూసి, ప్రమాణం చేయించి బ్యాడ్జి ఇస్తారు. ఆహారం పెట్టెలో పెట్టాలన్న మాటను తల్లిదండ్రులకు పదేపదే గుర్తుచేసేది తరచుగా ఈ బ్యాడ్జి పెట్టుకొన్న పిల్లలే.

రాత్రి ఆకాశం

రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు విడిది ప్రాంగణాలలో నిశ్శబ్దం పాటించాలి. దీపాలు తక్కువగా ఉండడం వలన వెన్నెల లేని రాత్రి పాలపుంత స్పష్టంగా కనిపిస్తుంది. ఆగస్టు రెండవ వారంలో పెర్సీడ్ ఉల్కలు రాలతాయి. చెట్లు, కొండగోడలు అడ్డురాని పచ్చికబయలు నుండి సప్తర్షి మండలం ఆధారంగా ధ్రువనక్షత్రాన్ని గుర్తించవచ్చు. ధ్రువనక్షత్రం దిగంతం నుండి ఎంత ఎత్తులో కనిపిస్తుందో అది ఆ స్థలపు అక్షాంశానికి దాదాపు సమానం. హైదరాబాదులో సుమారు 17 డిగ్రీల ఎత్తులో కనిపించే ఈ నక్షత్రం యోసెమిటీలో దాదాపు 38 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. భూమి గుండ్రంగా ఉన్నదన్న పాఠాన్ని సెలవులకు తాతగారి ఊరు వెళ్ళివచ్చే పిల్లలు ఈ విధంగా స్వయంగా పరీక్షించుకోవచ్చు.

ప్రమాదాలు, జాగ్రత్తలు

నీరు

యోసెమిటీలో ఎలుగుబంటి కంటే నీరు ఎక్కువ ప్రమాదకరం. మెర్సెడ్ నది పైకి ప్రశాంతంగా కనిపించినా కరిగిన మంచునీరు కావడం వలన కాళ్ళుచేతులను త్వరగా కొంకర్లు పోయేలా చేస్తుంది. ఒడ్డునున్న గ్రానైటు బండలు నునుపుగా ఉండి పొడిగా ఉన్నప్పుడు కూడా జారతాయి. జలపాతం పైభాగాన నీటిలో దిగడం ఎట్టి పరిస్థితిలోను చేయరాదు. 2011 జూలైలో వెర్నల్ జలపాతం పైన కంచె దాటి నీటి అంచుకు వెళ్ళిన ముగ్గురు కొట్టుకుపోయి మరణించారు. చిన్నపిల్లలు నీటి దగ్గర ఉన్నంతసేపు ఒక పెద్దవారు వారిని చేతికందే దూరంలో ఉంచుకోవాలి. "అందరూ చూస్తున్నారు" అనుకొన్నచోట తరచుగా ఎవరూ చూడరు. కాబట్టి వంతులు వేసుకొనడం మంచిది.

దారి తప్పడం

1981లో దక్షిణ కాలిఫోర్నియాలోని పాలొమార్ కొండపై కుటుంబంతో వచ్చిన తొమ్మిదేళ్ళ బాలుడు దారి తప్పి చలికి మరణించాడు. అతని కోసం వెదకినవారు ఆ తరువాత పిల్లలకు నేర్పడానికి ఒక పాఠం రూపొందించారు. దాని పేరు "హగ్ ఎ ట్రీ". దారి తప్పానని తెలియగానే తిరగడం మాని ఒక చెట్టును ఆనుకొని అక్కడే ఉండాలన్నది దీని సారాంశం. కదలకుండా ఉన్న పిల్లవానిని వెదకడం సులువు. ఈల ఊదాలి. పేరు పెట్టి పిలుస్తున్న కొత్తవారిని చూసి దాక్కొనరాదు. "అమ్మానాన్నా కోప్పడరు" అన్న భరోసా ముందుగానే ఇవ్వాలి. తిట్లు తప్పవన్న భయంతో పిల్లలు వెదికేవారికి కూడా బదులు పలకకపోవచ్చు.

రాళ్ళు, ఎలుకలు

1996 జూలైలో హ్యాపీ ఐల్స్ వద్ద పెద్ద శిల విరిగిపడగా లేచిన గాలివిసురుకు వందలాది చెట్లు కూలి ఒకరు మరణించారు. 2008 అక్టోబరులో కరీ విలేజ్‌పై రాళ్ళు పడిన తరువాత కొండగోడకు దగ్గరగా ఉన్న రెండు వందలకు పైగా వసతులను శాశ్వతంగా మూసివేశారు. 2012 వేసవిలో యోసెమిటీలో బసచేసినవారిలో పదిమందికి హంటావైరస్ వ్యాధి సోకి ముగ్గురు మరణించారు. వారిలో అత్యధికులు రెండు పొరల గోడలున్న గుడారపు గదులలో ఉన్నవారు. ఆ పొరల మధ్య ఎలుకలు గూళ్ళు కట్టుకొన్నాయి. ఎలుకల పెంటికలను పొడిగా ఊడ్చరాదు. మందునీటితో తడిపి తుడవాలి. తిండి మూసి ఉంచితే ఎలుకలు కూడా దరిచేరవు.

తెలుగు కుటుంబాలు

శాన్ ఫ్రాన్సిస్కో నుండి లోయకు సుమారు 310 కి.మీ. దూరం, కారులో నాలుగైదు గంటల ప్రయాణం. ఆ నగరం చుట్టుపక్కల, సిలికాన్ వ్యాలీలో తెలుగువారు అధికంగా స్థిరపడడం వలన వేసవి వారాంతాలలో ఇక్కడ తెలుగు మాటలు వినబడడం సాధారణమయింది. ఇంటి నుండి పులిహోర, చపాతీలు, పొడులు, పచ్చళ్ళు తెచ్చుకొంటే మొదటిరోజు వంటపని తగ్గుతుంది. అయితే ఇంగువ తాలింపు, ఆవకాయ జాడీ, పెరుగు డబ్బా అన్నీ ఎలుగుబంటి ముక్కుకు అందేవే. ఇనుప పెట్టె పరిమాణం పరిమితం కనుక అందులో పట్టినంత మాత్రమే తేవడం అవసరం. బల్ల మీద అన్నం మెతుకులు, కరివేపాకు రెబ్బలు మిగలకుండా తుడవాలి. పాత్రలు కడిగిన నీటిని నదిలో గాని, పంపు కింద గాని పోయరాదు. అందుకు వేరుగా ఏర్పాటు చేసిన తొట్టెలలోనే పోయాలి.

అమ్మమ్మ, తాతయ్యలు వెంట ఉన్నప్పుడు మరుగుదొడ్లకు దగ్గరగా ఉన్న స్థలం ఎన్నుకొనడం, వారికి నేలపరుపుకు బదులు మడత మంచం తేవడం మంచిది. ఎక్కువ దూరం నడవలేనివారికి బస్సులోనే లోయ చుట్టివచ్చే వీలున్నది.

విడిది ఎత్తివేయడం

ఆదివారం బయలుదేరే ముందు నిప్పుపై నీరు పోసి, కలిపి, మళ్ళీ పోసి, బూడిదపైన చెయ్యి ఉంచి చూసి చల్లబడిందని నిర్ధారించుకోవాలి. ఇనుప పెట్టె ఖాళీ చేసి తుడిచి మూయాలి. పిల్లలను ఒక వరుసలో నిలబెట్టి స్థలం ఈ చివర నుండి ఆ చివరకు నడిపించి, కాగితపు ముక్కలు, ప్లాస్టిక్ పోగులు, రాలిన తిండి ఏరించడం ఒక మంచి పద్ధతి. ఆ మధ్యాహ్నమే మరొక కుటుంబం అక్కడ గుడారం వేస్తుంది. ఆ రాత్రి అటుగా వచ్చే ఎలుగుబంటికి అక్కడ ఏమీ దొరకకపోతే అది అడవిలోని తన తిండికే మరలుతుంది.